అత్తగారు తిట్టని వస్తువు

లిఫ్టు మెకానిక్కు మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే కాసేపట్లో మీకే అనుమానం వస్తుంది. పనిలో దిట్ట. అబద్ధం ఆడడు, ఒకరి జోలికి పోడు, ఎవరింట్లో స్విచ్చు కాలిపోయినా పిలవకుండానే వచ్చి బాగుచేసి పోతాడు. ఉన్నదల్లా ఒకటే రోగం. కంప్యూటర్ కంటపడితే చాలు, అందులో ఉన్న సిస్టమ్ పీకేసి లినక్స్ వేసుకోమంటాడు.

తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ముందు తను లేచి, మిగతా పనులన్నీ నడిపించే పెద్ద ప్రోగ్రాం ఒకటి ఉంటుంది కదా. కొన్నప్పుడే వేసి ఇస్తారు, అందరూ అదే వాడతారు, అదే తిడతారు. దానికి బదులు వేసుకోగలిగిన ఇంకోటి ఈ లినక్స్. ఊరికే దొరుకుతుంది, పాత డొక్కు కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది, దాని గుర్తు ఒక బొద్దు పెంగ్విన్. ఇంతే సంగతి. మనవాడు ఈ సంగతి చెప్పడానికి ఒక పూట తీసుకుంటాడు, మధ్యలో మంచినీళ్ళు కూడా అడగడు.

తన పనిముట్ల పెట్టె మీద పెంగ్విన్ బొమ్మ అంటించుకున్నాడు. దాంతో స్నేహితులు అతనికి పెంగ్విన్ అనే పేరు పెట్టారు. అది వెక్కిరింత అని అతనికి తట్టలేదు, బిరుదు అనుకున్నాడు.

ఒకసారి ఒక పెద్దమనిషి రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయాడు. లోపలున్నవాళ్ళు కంగారు పడకుండా తలుపు సందులోంచి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలని ఆ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. మెకానిక్కు మాట్లాడాడు. మీ ఆఫీసులో ఏ సిస్టమ్ వాడతారండీ అని మొదలుపెట్టాడు. కాసేపటికి లోపలినుంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది. "బాబూ, నేను ఇందులోనే ఉంటాను. నువ్వు వెళ్ళు."

ఇక అతని స్నేహితుల బాధ చెప్పాలి. చిన్నప్పటినుంచీ కలిసి తిరిగినవాళ్ళు ముగ్గురు. పళ్ళ డాక్టరు, ఫోటో స్టూడియో నడిపేవాడు, వాళ్ళిద్దరికంటే పెద్దదైన డ్రైవింగ్ స్కూలు అక్క. ముగ్గురికీ చెవిలో జోరీగలా తయారయ్యాడు. పన్ను పీకించుకోవడానికి కుర్చీలో పడుకుని, నోట్లో గొట్టం పెట్టినా ఆగలేదు. "ఆ ఐఓ, ఏఅస్ ఉండఉ" అన్నాడు. అందులో వైరస్ ఉండదు అని దానర్థం. డాక్టరు మత్తు కాస్త ఎక్కువే ఇచ్చాడని గిట్టనివాళ్ళు అంటారు. నాకు తెలిసి అవసరమైనంతే ఇచ్చాడు, అవసరం అలాంటిది.

చివరికి ముగ్గురూ స్టూడియోలో సమావేశమయ్యారు.

"వాడు మనసులో పెట్టుకోడు, గట్టిగా చెప్పేద్దాం" అంది అక్క.

"చెప్పలేదా? ఫోన్ పెట్టేశాను, తలుపు వేసేశాను. కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు" అన్నాడు డాక్టరు.

స్టూడియోవాడు ఫోటోల్లో బట్టతలలకి జుట్టు పెట్టి బతికేవాడు. వాడికి ఆలోచన తట్టింది. "వేసుకోవడం దేనికి, వేసుకున్నట్టు కనబడితే సరిపోదా?" అన్నాడు. ఆ పూటే ఒక పెంగ్విన్ బొమ్మ తెరనిండా వచ్చేట్టు తయారుచేశాడు. కింద ఉండే గుర్తుల రంగులూ ఆకారాలూ మార్చాడు. లోపల పాత సిస్టమే, పైన కొత్త వేషం. ముగ్గురి కంప్యూటర్లకీ అదే తొడిగాడు.

మర్నాడు క్లినిక్కులో ఆ తెర చూసి మెకానిక్కు గుమ్మంలోనే నిలబడిపోయాడు. నిజం చెబుతున్నాను, కళ్ళు తుడుచుకున్నాడు. దగ్గరికెళ్ళి మౌస్ పట్టుకోబోతే డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోకురా. నాకు నేనుగా నేర్చుకోవాలని పట్టుదల" అన్నాడు. ఆ మాటతో మనవాడి గుండె నిండిపోయింది. స్టూడియోలోనూ అదే మాట, డ్రైవింగ్ స్కూల్లోనూ అదే మాట. ముగ్గురికీ ఒకేసారి ఒకే పట్టుదల ఎలా పుట్టిందని అతను అడగలేదు. బుజ్జగింపుకీ ప్రేమకీ మధ్య తేడా చూడడం అతనికి చేతకాదు.

ఆ రోజునుంచి స్నేహితులకి శాంతి దొరికింది. కథ అక్కడితో ఆగితే అందరికీ బాగుండేది. కానీ లైబ్రరీ ఒకటి ఉంది.

అతని ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న పాత లైబ్రరీ అది. లోపల పొడవాటి బల్ల, ఎండకి వెలిసిపోయిన కర్టెన్లు, ఒక మూల ఎనిమిది కంప్యూటర్లు. ఉద్యోగం దరఖాస్తులు పెట్టుకునేవాళ్ళూ, ఇంట్లో కంప్యూటర్ లేని చదువుకునేవాళ్ళూ, రైలు టిక్కెట్లు తీసుకోవాల్సిన ముసలివాళ్ళూ వాటికోసం వరసలో కూచుంటారు. లిఫ్టు పని లైసెన్సుకి మెకానిక్కు చదువుకున్నది కూడా అక్కడే, కిటికీ పక్క కంప్యూటర్ మీద. దాని కీబోర్డులో ఒక మీట ఊడిపోతే అతనే చొక్కా గుండీ అతికించాడు. అది ఇప్పటికీ ఉంది.

ఆ కంప్యూటర్లు పాతవైపోయాయి, కొత్త సిస్టమ్ వాటి మీద నడవదు, పాత సిస్టమ్‌కి ఇక మద్దతు లేదు, తుక్కుకి పంపెయ్యండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వాటి బదులు కొత్తవి ఎప్పుడు ఇస్తారని లైబ్రేరియన్ మేడమ్ అడిగితే, బదులు అనే మాట మేము వాడలేదే అన్నారు.

మెకానిక్కు పరుగున వెళ్ళాడు. "మేడమ్, ఒక్క ఆదివారం నాకివ్వండి. ఎనిమిదింటికీ లినక్స్ వేసేస్తాను. పదేళ్ళు నడుస్తాయి."

మేడమ్ చెడ్డావిడ కాదు, భయస్తురాలు. ఫిర్యాదు అంటే ఆవిడకి నిద్ర పట్టదు. "మీరు చెప్పేది బాగానే ఉంది. కానీ ఇక్కడికొచ్చేవాళ్ళు మీలాంటివాళ్ళు కాదు కదండీ. ఏది ఎక్కడుందో తెలియక ఒక్కరు పైకి ఫిర్యాదు రాశారంటే, చెప్పినమాట వినలేదని ముందు నన్ను పట్టుకుంటారు. కంప్యూటర్ తెలియని మామూలు మనుషులు, రోజూ దీనిమీదే పని చేసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే చూపించండి. నా కళ్ళతో చూసి ఒప్పుకుంటాను. శనివారం దాకా తుక్కువాణ్ణి ఆపుతాను."

"ఒకరేమిటి, ముగ్గురున్నారు" అన్నాడు మెకానిక్కు, ఛాతీ విరుచుకుని.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ నర్సు, డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు బల్ల మీద పెట్టుకుని కూచుంది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మన ఇంట్లో ఎవరైనా మీ మాట విన్నారేమో చూసుకోండి" అంది. ఆవిడ ఫోన్ తప్ప ఇంకేదీ ముట్టుకోదు. ఇక ఇంట్లో ఉన్న మూడో మనిషి సంగతి, అంటే అత్తగారి సంగతి, అతను ఎత్తనే లేదు. ఎత్తే ధైర్యం ఎవరికుంది?

అత్తగారూ అల్లుడూ నేరుగా మాట్లాడుకుని చాలాకాలమైంది. కారణం రేడియో. ఆవిడ రేడియోలో కాస్త గరగర వస్తోందని, అడక్కపోయినా, బాగుచేస్తానని చెప్పి అల్లుడు దాన్ని విప్పాడు. విప్పాక ఒక స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. వెతుకుతుంటే ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. రేడియో ముక్కలు బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళాయి, ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. ఆ రోజునుంచి ఆవిడ ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానే. కూతురు డ్యూటీలో ఉంటే ఫ్రిజ్జుకి చెబుతుంది. "ఫ్రిజ్జూ, బాత్రూంలో కొళాయి కారుతోందని ఆయనగారికి చెప్పు." అల్లుడు కూడా ఫ్రిజ్జుకే జవాబిస్తాడు. "సాయంత్రం చూస్తానని చెప్పు."

పైగా ఆవిడకి ఫిర్యాదులు రాసే అలవాటు. చెత్తబండి ఆలస్యంగా వచ్చిందని, బస్సు తొందరగా వెళ్ళిపోయిందని, వీధి దీపం పగలు వెలుగుతోందని పత్రికలకీ ఆఫీసులకీ రాస్తూనే ఉంటుంది. తాముండే బిల్డింగు లిఫ్టు కీచుమంటోందని అల్లుడి కంపెనీకి కూడా రాసింది. దానికి సంజాయిషీ అల్లుడే రాసుకున్నాడు.

శనివారం పొద్దున మెకానిక్కు ఇస్త్రీ చొక్కా వేసుకుని మేడమ్‌ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. స్నేహితులకి ముందుగా చెప్పలేదు. చెబితే ఏర్పాట్లు చేశారనుకుంటారని అతని నిజాయితీ.

క్లినిక్కులో డాక్టరు ఒకావిడ పన్ను మీద వంగి ఉన్నాడు. తెరమీద పెంగ్విన్ నవ్వుతోంది. మేడమ్ ముచ్చటపడింది. "రోజూ దీనిమీదే పని చేస్తారా డాక్టరుగారూ?"

డాక్టరు మెకానిక్కు మొహం చూశాడు, మేడమ్ మొహం చూశాడు, మాస్కు పైకి లాక్కున్నాడు. "ఆఁ. రోజూనే. ప్రాణం హాయిగా ఉంది."

ఆ మాట నోట్లో ఉండగానే పెంగ్విన్ మాయమైంది. తెరంతా ఒకే రంగు అయిపోయి, మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. కంప్యూటర్ తాజా అవుతోంది, దయచేసి ఆపకండి అని కింద వచ్చింది. కుర్చీలో ఉన్నావిడ నోరు తెరుచుకునే ఉంది. ఆవిడ ఎక్స్‌రే ఆ చక్రం వెనకాల ఎక్కడో ఉండిపోయింది.

"ఇది మా లైబ్రరీలో కూడా వస్తుందే" అంది మేడమ్ మెల్లగా. "ఇది పాతదే కదండీ?"

డాక్టరు తడబడ్డాడు. "అంటే, ఇది... లోపల పాతది ఉండి, పైన కొత్తది... అలవాటు కోసం..."

మెకానిక్కు జీవితంలో మొదటిసారి కంప్యూటర్ ఎదురుగా నిలబడి ఏమీ మాట్లాడలేదు. కళ్ళు తుడుచుకున్న ఆ రోజు గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. మేడమ్ ముందు సిగ్గుగా ఉంది, అంతకంటే ఎక్కువ నొప్పిగా ఉంది.

స్టూడియోకి వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. డాక్టరు ఫోన్ చేసుంటాడు. లోపల లైటు వెలుగుతోంది, ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు. మెకానిక్కు తట్టలేదు. "పదండి మేడమ్" అన్నాడు.

డ్రైవింగ్ స్కూలు అక్క మాత్రం దాక్కోలేదు. బల్ల మీద బొమ్మ కార్లు పెట్టుకుని ఎవరికో రివర్సు ఎలా తియ్యాలో చూపిస్తోంది. వీళ్ళని చూసి లేచి వచ్చింది. "నేను అబద్ధం చెప్పను తమ్ముడూ. మేం ముగ్గురం కలిసి నిన్ను మోసం చేశాం. నీ మీద కోపంతో కాదు, నీ నోటికి భయపడి. నువ్వు ఏదైనా చెప్పావంటే అవతలివాడు అవునన్నదాకా వదలవు. అందుకని అవునన్నాం."

"వద్దని చెప్పొచ్చు కదక్కా."

"ఎన్నిసార్లు చెప్పాం? నువ్వు విన్నావా?"

అతను తల దించుకున్నాడు.

బయటికొచ్చాక మేడమ్ గొడుగు తెరుచుకుంది. "ఏమనుకోకండి మెకానిక్ గారూ. తుక్కువాణ్ణి సోమవారం రమ్మంటాను. మీ శ్రద్ధ నాకు అర్థమైంది."

అతనికి ఆ కిటికీ పక్క కంప్యూటర్, దాని మీద చొక్కా గుండీ కళ్ళముందు మెదిలాయి. సోమవారానికి అది బండిలో పడిపోతుంది. మా ఇల్లు ఈ పక్కనే, కాస్త టీ తాగి వెళ్ళండి అని మాత్రం అనగలిగాడు. ఎండలో తిప్పినందుకు మర్యాద చెయ్యాలి కదా.

ఇంట్లో భార్య స్టవ్ వెలిగించింది. వంటింటి బల్ల దగ్గర అత్తగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని లాప్‌టాప్ మీద టకటకా కొడుతోంది. తలెత్తకుండానే అంది, "అమ్మాయ్, మీ ఆయన ఎవరినో తీసుకొచ్చాడు. మొహం చూస్తే ఉద్యోగం పోయినట్టుంది."

మేడమ్ కుర్చీలో కూచుని, ఊరికే అటు చూసింది. చూసి ముందుకి వంగింది. "ఈ తెర ఏమిటి, కొత్తగా ఉందే. మా వాటిలా లేదు."

మెకానిక్కు ఒక అడుగు గుమ్మం వైపు వేశాడు. ఎందుకో చెప్పాలి. ఈ ముక్క మీకు ఇందాక చెప్పలేదు, అతను ఎవరికీ చెప్పలేదు గనక. ఆ లాప్‌టాప్ భార్య పడేసిన పాతది. ఆన్ చేస్తే పొద్దుగూకేదాకా లేచేది కాదు. ఎలాగైనా బాగుచెయ్యండి, లేకపోతే మా అమ్మ నా ప్రాణం తీస్తుంది అని భార్య బతిమాలితే, రెండేళ్ళ కిందట ఒక ఆదివారం దానిలో లినక్స్ వేశాడు. అత్తగారితో మాటల్లేవు కాబట్టి ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేదు. ఉత్తరాలు రాసేది, వార్తలు చదివేది, చెల్లెలితో మొహం చూసి మాట్లాడేది, మూడు గుర్తులూ పెద్దవిగా మధ్యలో పెట్టి, బల్లమీద ఉంచి తప్పుకున్నాడు. భార్యకి కూడా బాగైంది అని మాత్రమే చెప్పాడు. తెలిస్తే ఇది రెండో రేడియో అవుతుందని అతని భయం. ఊరందరికీ శంఖం ఊదినవాడు ఆ ఒక్కచోట మాత్రం నోరు కుట్టేసుకున్నాడు.

"ఇది లినక్స్ కదూ?" అంది మేడమ్.

"అదేమిటి, జబ్బా?" అంది అత్తగారు.

భార్య స్టవ్ దగ్గరినుంచి భర్త వైపు తిరిగింది. "ఏవండీ?"

మెకానిక్కు ఫ్రిజ్జు వైపు చూస్తూ నసిగాడు. "ఆ రోజు... వేరే దారి లేక... అదే వేశాను. చెప్పలేదు. తప్పే."

అత్తగారు వేళ్ళు ఆపింది. అల్లుణ్ణీ లాప్‌టాప్‌నీ మార్చి మార్చి చూసింది. మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎన్నాళ్ళనుంచి వాడుతున్నారండీ?"

"రెండేళ్ళు దాటింది."

"ఏది ఎక్కడుందో తెలియక ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా?"

"ఇక్కడ ఉత్తరం, ఇక్కడ పేపరు, ఇక్కడ మా చెల్లెలు. తెలియడానికేముంది? ఆన్ చేస్తే ఆన్ అవుతుంది. నొక్కితే పలుకుతుంది. ఈ ఇంట్లో చెప్పిన పని చేసి నోరు మూసుకుని ఉండేది ఇదొక్కటే."

మేడమ్‌కి అప్పుడు తెరమీద సగం రాసిన ఉత్తరం కనబడింది. లైబ్రరీ ఫ్యాన్ల గురించి. ఆవిడ మొహంలో రంగు మారింది. "మా ఫ్యాన్లు తిరగట్లేదని నెలనెలా పైకి రాసేది మీరేనా అమ్మా?"

"తిరగనిదాన్ని తిరుగుతోందని రాయమంటారా?"

"కర్టెన్ల గురించి?"

"అదీ నేనే."

"మంచినీళ్ళ కూజా గురించి కూడా?"

"దానికి మూత లేదు. చూసుకోండి."

మేడమ్ వెనక్కి వాలింది. ఆవిడకి నిద్ర లేకుండా చేసిన మనిషి ఎదురుగా కూచుని బిస్కెట్ నముల్తోంది. టీ పొంగి స్టవ్ మీద పడింది. తర్వాత మేడమ్ ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఇన్ని ఫిర్యాదులు రాశారు కదా. ఈ కంప్యూటర్ మీద ఎప్పుడైనా రాశారా?"

అత్తగారు ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, వెతికింది. ఆవిడకి ఏదో ఒకటి దొరక్కపోవడం కూతురు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"లేదు" అంది చివరికి, కాస్త ఓడిపోయినట్టుగా. "దీనిమీద రాయడానికేం లేదు."

మేడమ్ సంచి భుజాన వేసుకుని లేచింది. "చాలు. ఈవిడే తిట్టలేదంటే ఇంకెవరూ తిట్టరు. మెకానిక్ గారూ, రేపు ఆదివారమే కదా, వచ్చి ఎనిమిదింటికీ వేసెయ్యండి. సరిగ్గా ఇలాగే ఉండాలి, పెద్ద పెద్ద గుర్తులు. ఒక్క షరతు. అక్కడికొచ్చేవాళ్ళకి మీరు దీని గురించి ఏమీ చెప్పకూడదు. పేరు కూడా."

"ఒక్క మాట కూడా చెప్పకూడదా?" అన్నాడు మెకానిక్కు.

"ఒక్కటి కూడా."

ఎనిమిది కంప్యూటర్లు ఒక పక్క, తన నాలుక ఒక పక్క. అతను కిటికీ పక్క కంప్యూటర్‌ని తలుచుకున్నాడు. సరేనన్నట్టు తల ఊపాడు, నోటితో అనలేదు. అప్పుడే మొదలుపెట్టాడన్నమాట.

మేడమ్ వెళ్ళిపోయింది. భార్య స్టవ్ తుడుస్తోంది. అత్తగారు ఫ్యాన్ల ఉత్తరం ముగించి, పంపించి, లాప్‌టాప్ మూసింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. తర్వాత ఫ్రిజ్జు వైపు కాకుండా, కూతురి వైపు కాకుండా, నేరుగా అల్లుడి వైపు తిరిగింది.

"అల్లుడూ" అంది.

భార్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"రెండేళ్ళుగా నాకు చెప్పకుండా ఒక పని చేశావు. అది బాగానే ఉంది. మరి నాకు చెప్పి మొదలుపెట్టిన పని ఎప్పుడు పూర్తిచేస్తావు? నా రేడియో ఏది?"

మెకానిక్కు మొహం వెలిగింది. నోరు తెరిచాడు. రేడియో దేనికండీ అత్తయ్యా, ఈ లాప్‌టాప్‌లోనే వెయ్యి స్టేషన్లు వస్తాయి, లినక్స్‌లో దానికి ఎంత చక్కటి ప్రోగ్రాం ఉందంటే... మాటలన్నీ వరసకట్టి నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. భార్య అతనివైపు చూసింది. అక్క మాట చెవిలో మోగింది, నువ్వు విన్నావా అని.

నోరు మూసుకున్నాడు. అలమర మీదినుంచి బిస్కెట్ల డబ్బా దించి బల్లమీద పెట్టాడు, స్క్రూడ్రైవర్ తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూచున్నాడు. తప్పిపోయిన స్ప్రింగు కోసం అత్తగారు తనే వంగి బల్లకింద వెతకడం మొదలుపెట్టింది.